నాన్న రంగేసిన జింక

మాసిపోయిన అక్షరం కనిపిస్తే మా నాన్న చేతులు ఊరుకునేవి కావు. మెచ్చుకోలుగా రాస్తున్నాననుకునేరు. కాదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది, తొంభైలు అయిపోవస్తున్నాయి, అయినా ఆ అలవాటు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఆయన పెయింటరు. ఓవర్‌హాలింగ్‌కి వచ్చిన బోగీల మీద పాత రాతలు గీకేశాక నంబర్లు, ఊళ్ళ పేర్లు మళ్ళీ కొత్తగా రాయడం ఆయన పని. మూడు భాషల్లో రాసేవాడు, ఏ భాషలోనూ గీత వంకర పోయేది కాదు. డ్యూటీలో రాసింది చాలక, మా క్వార్టర్ల లైన్లో ఎవరి తలుపు మీద పేరు వెలిసినా ఆదివారం పొద్దున్నే బ్రష్షుతో వాళ్ళ గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యేవాడు. ఎవరూ పిలవక్కర్లేదు. ఓసారి ఎదురింటి బెంగాలీ దాదా, తనకంటే ముందు ఆ క్వార్టర్లో ఉన్నవాడి పేరుని గేటు మీంచి సగం గీకి పెట్టుకున్నాడు. నాన్న వెళ్ళి ఆ పాతవాడి పేరే శుభ్రంగా నింపి వచ్చాడు. ఆ దాదా నవ్వాలో ఏడవాలో తెలియక మాకు ఓ గిన్నెడు రసగుల్లాలు పంపించాడు.

ఇక ఈస్టరు ముందు వారం ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మా తెలుగు క్రైస్తవులందరం సమాధుల తోటకి వెళ్ళి, మావాళ్ళ సమాధులు కడిగి సున్నం వేస్తాం. పండగ తెల్లవారుజామున అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తాం. రాతి మీద పేర్లకి రంగేసే పని నాన్నది. మావాళ్ళవే కాదు, దిక్కులేని సమాధులకి కూడా ఆయనే వేసేవాడు. ఎప్పుడో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసిపోయిన వాళ్ళవి, పిల్లలు ఎక్కడున్నారో ఎవరికీ తెలియని వాళ్ళవి.

"పేరు మాసిపోతే ఆ మనిసి ఇంకోపాలి సచ్చిపోయినట్టే. ఉన్నోలం మనమే తిరగరాయాల," అనేవాడు.

సమాధుల తోటలో ఆ మాట బాగానే ఉంటుంది. ఆ మాటని కొండ మీదకి మోసుకొచ్చాడు, అదీ నా కోపం.

ఎనభైల మధ్య సంగతి. నేను డిగ్రీ ఆఖరి ఏడు, హిస్టరీ చదువుతున్నాను. మా హిస్టరీ మేడమ్ ప్రేమ్ బజార్లో ఉండేది, బెంగాలీ ఆవిడ, పుస్తకం తెరవకుండా గంటన్నర పాఠం చెప్పేది. ఓ రోజు క్లాసులో మధ్యప్రదేశ్ కొండల గురించి చెప్పింది. ఇనుము తెలియని రోజుల్లో, నాగలి తెలియని రోజుల్లో, ఆ కొండగుహల్లో మనుషులు కాపురాలుండేవారట. గోడల మీద ఎర్రరంగుతో జింకలూ వేటగాళ్ళూ గీసుకున్నారట. అలాంటి కొండలు రాయ్‌గఢ్ చుట్టుపక్కల కూడా ఉన్నాయి, చాలావాటిని సరిగ్గా చూసినవాళ్ళే లేరు, అంది. రాయ్‌గఢ్ అంటే మా లైనే! ఖరగ్‌పూర్లో ఎక్కితే మళ్ళీ రైలు మారక్కర్లేదు. మావాళ్ళకి రైల్వే పాసులుండి ఏం లాభం, ఏటేటా అవి చుట్టాల పెళ్ళిళ్ళకే తగలబడేవి. విజయనగరం దాటి ప్రపంచం ఉందని మా ఇంట్లో పాసులకి తెలియదు.

మేడమ్‌ని ఆపి అడిగాను, నేను వెళ్ళి ఆ బొమ్మలకి నకళ్ళు గీసుకొస్తే పనికొస్తాయా అని. "బాగా గీసుకొస్తే కలకత్తాలో ఎం.ఏ.కి నేనే ఉత్తరం రాసిస్తాను," అంది. వర్క్‌షాపు పెయింటరు కూతురికి ఎం.ఏ. అంటే చిన్న విషయం కాదు. ఆ రోజు నుంచి ఇంట్లో యుద్ధమే. రెండు పూటలు అన్నం మానేశాను.

"రాల్లు సూడ్డానికి రైలెక్కుతారేటే ఎవలైనా? మనింటెనక లేవేటి రాల్లు?" అంది అమ్మ.

నాన్న మాత్రం ఒప్పుకున్నాడు. నా మీద ప్రేమతోనే అనుకున్నాను. సగం అదే. మిగతా సగం, దారిలో చక్రధర్‌పూర్ తగులుతుంది. మా పెదనాన్న అక్కడ డ్రైవరుగా చేసి అక్కడే పోయాడు. వచ్చేటప్పుడు దిగి అన్న సమాధికి రంగేసుకోవచ్చని నాన్న లెక్క. అందుకే ఆయన గుడ్డసంచిలో ఓ చిన్న డబ్బా రెడాక్సైడ్ ఎర్రరంగు, రెండు బ్రష్షులు, ఓ సీసాలో టర్పెంటైన్ పెట్టుకున్నాడు. సీసా మూత బిగించి ఇచ్చింది నేనే.

దసరా పూజా సెలవుల్లో వెళ్ళాం, అమ్మ, నాన్న, నేను. ఓ చిన్న స్టేషన్లో దిగాం. ఆ కొండ పేరు ఇక్కడ రాయను, రాసే మొహం లేదు. స్టేషన్ నుంచే కొండ కనిపిస్తుంది. అలాంటి రాళ్ళు మా వైపు ఎక్కడా లేవు. అట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటాయి. కొన్ని కింద సన్నగా పైన వెడల్పుగా, ఇప్పుడో ఇంకాసేపటికో పడతాయేమో అన్నట్టు నిలబడి ఉంటాయి. ఓ పెద్ద బండ అయితే మధ్యలో నిలువునా చీలి, ఆ చీలికలోంచి ఆకాశం కనిపిస్తోంది. అమ్మ శిలువ గుర్తు వేసుకుంది. రాళ్ళు చూడ్డానికి రైలెక్కుతారా అన్న మనిషి నోరు తెరుచుకుని పైకి చూస్తూ రెండుసార్లు కాలు తట్టుకుని తూలింది.

కొండ కింద ఊళ్ళో ఓ ముసలావిడ మాకు దారి చూపించింది. అడవిలోంచి ఆకులేరుకొచ్చి విస్తళ్ళు కుట్టే మనిషి. గుహ ముందుకి రాగానే చెప్పులు విడవమంది. కోతలయ్యాక తమ ఊరంతా ఇక్కడికొచ్చి బియ్యం, పూలు పెట్టి దండం పెట్టుకుంటారనీ, లోపల గోడని మాత్రం ఎవరూ ముట్టుకోరనీ హిందీ కలిసిన తన భాషలో చెప్పింది. "మా పెద్దలవి. దూరం నుంచే చూడాలి," అంది. నాన్నకి ఆ మాట అర్థమైంది. అర్థం కాలేదని ఆయన ఎప్పుడూ బుకాయించలేదు, అది ఒప్పుకోవాలి.

గుహంటే చీకటి బిలం కాదు. బండ ముందుకి చూరులా వంగి ఉంది, కింద ఓ పది కుటుంబాలు తలదాచుకునేంత చోటు. వెనక గోడ మీద బొమ్మలు. చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డ మనుషులు. వాళ్ళ పక్కన ఓ పెద్ద జింక, కడుపులో అడ్డగీతలు, వెనక్కి తిరిగిన మెడ. దాని వెనక కాళ్ళు దాదాపు మాసిపోయాయి, కళ్ళు చికిలిస్తే కనిపిస్తాయి. నాకు కన్నీళ్ళొచ్చాయి. రెండు గంటలు అలా కూర్చుని ఒక్కో గీతా కాగితం మీదకి దింపుకున్నాను.

నాన్న నా వెనకే నిలబడి చూస్తున్నాడు.

"ఎవలేసినారమ్మా ఇవి?"

"ఇక్కడ బతికినవాళ్ళు. వేల ఏళ్ళయింది."

"ఆళ్ళ పేర్లు రాసుకోలేదేటి?"

"అప్పటికి రాతే లేదు నాన్నా."

"అయితే ఇయ్యే ఆళ్ళ పేర్లన్నమాట."

ఎంత బాగా చెప్పాడో అనుకుని మురిసిపోయాను. నా అంత వెర్రిదాన్ని నేనే. ఆ మాట విన్నాకైనా సంచి నా భుజాన వేసుకోవలసింది.

పైన ఇంకో గుహ ఉందని ముసలావిడ చెబితే ఆవిడ వెంట అమ్మా నేనూ ఎక్కాం. నాన్న మోకాళ్ళు నొప్పన్నాడు, కింద కూర్చుంటానన్నాడు. పైన బొమ్మలేమీ లేవు, గబ్బిలాలు తప్ప. ఓ గంటకి దిగాం. ముందు వాసనొచ్చింది. నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంటి తలుపు తియ్యగానే కొట్టే వాసన, టర్పెంటైన్ వాసన. పరిగెత్తాను.

జింక నిగనిగలాడుతోంది. నాలుగు కాళ్ళూ పూర్తిగా ఉన్నాయి. కడుపులో గీతలు బోగీ మీద నంబరు రాసినంత తిన్నగా ఉన్నాయి. దాని పక్కనున్న ఇద్దరు మనుషులు కూడా ఎర్రగా మెరిసిపోతున్నారు. మూడోవాడి చెయ్యి దగ్గర బ్రష్షు ఆనించి, నాన్న నా వైపు తిరిగి నవ్వాడు.

"కోటింగు దిట్టంగా ఏసినాను. పదేల్లు ఢోకా లేదు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నేను ఏమేం అన్నానో అన్నీ గుర్తున్నాయి, రాయలేను. ఒక్కటి రాస్తాను. "చదువు రాని మొద్దువి, నీకు బోగీకీ దేవుడికీ తేడా తెలీదు," అన్నాను. అమ్మ నా చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ వెంటనే నాన్న వైపు తిరిగింది.

"ఏటి సేసినారండీ? ముట్టుకోవొద్దని ఆవిడ సెప్పలేదేటి?"

"సెప్పింది. గానీ మాసిపోతన్నాది కదే. ఇంకో రొండు వర్సాలకి మరి అగుపడదు. ఒగ్గీసి ఎలా ఎల్లిపోదును?"

తుడిచేస్తానని సీసా తీశాడు. లాక్కున్నాను. పైరంగుతో పాటు కిందిది కూడా పోతుందని ఆయనకి తోచలేదు. ముసలావిడ చాలాసేపు ఆ జింకని చూసింది. అమ్మ ఇవ్వబోయిన అరటిపళ్ళు తీసుకోకుండా దిగి వెళ్ళిపోయింది. తిరుగుప్రయాణంలో చక్రధర్‌పూర్లో నాన్న వెళ్ళి అన్న సమాధికి రంగేసుకొచ్చాడు. నేను ప్లాట్‌ఫారం బెంచీ మీంచి లేవలేదు.

ఇంటికొచ్చాక ఆయనతో మాటలు మానేశాను. నా నకళ్ళు మాత్రం మేడమ్‌కిచ్చాను. ఆవిడ ఒక్కో కాగితం వెలుతురులో పట్టుకుని చూసి, స్టాఫ్ రూములో అందరినీ పిలిచి చూపించింది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. రేపు చెబుదాం అనుకున్నాను. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని మా అమ్మ సామెత. ఆ సామెత కనిపెట్టినవాడు దొరికితే నాలుగు వాయించాలని ఉంది.

జనవరిలో మేడమ్ స్వయంగా వెళ్ళి చూసొచ్చింది. నన్నూ రమ్మంది, జ్వరమని ఇంట్లో పడుకున్నాను. తిరిగొచ్చాక నన్ను పిలిచింది.

"ఛీ ఛీ! ఆయిల్ పెయింటు పూసేశారు, తెలుసా? నువ్వు వెళ్ళినప్పుడు అలాగే ఉందా?"

"లేదు మేడమ్," అన్నాను.

అంతే. అబద్ధం కూడా కాదు, చూడండి. మేం వెళ్ళేసరికి అలా లేదు.

"ఆ ఊరివాళ్ళ పనే. పూజలూ పునస్కారాలూ అని ఇష్టమొచ్చినట్టు పూసేస్తారు. నేను వదలను," అంది.

నాకు ఆవిడ మీద కూడా కోపమే. స్కేలు పెట్టి గీసినట్టున్న ఆ గీత చూసి, ఆకులు కుట్టుకునే వాళ్ళ పనని ఎలా అనుకుంది? అంత చదువుకున్న మనిషికి ఆ రంగు రైల్వే రంగని, అది తను రోజూ చూసే బండి మీది ఎరుపేనని అనుమానమైనా రాలేదు. రాదు. తప్పు చేసేవాళ్ళు ఎవరో ఆవిడ మనసులో ముందే రాసి పెట్టుకుంది. అది మాసిపోయే రాత కాదు.

పురావస్తు శాఖ ఆఫీసుకి ఆవిడ ఫిర్యాదు రాసింది. ఆ ఎండాకాలం కల్లా గుహ ముందు ముళ్ళకంచె వేశారు, గేటు పెట్టి తాళం వేశారు. ఊరివాళ్ళు లోపలికి అడుగు పెట్టకూడదన్నారు. ఆ సంగతి మేడమ్ క్లాసులో విజయంలా చెప్పింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి నాన్న డ్యూటీ దిగి టీ తాగుతున్నాడు. ఏడు నెలల తరవాత ఆయనతో మాట్లాడాను. మాట్లాడడం కాదు, మీద పడ్డాను. "నీ వల్ల వాళ్ళ దేవుణ్ణి వాళ్ళకి కాకుండా చేశారు. నువ్వు చేసిందానికి ఆ ముసలమ్మకి శిక్ష. సంతోషమేనా?" అన్నాను.

నాన్న గ్లాసు కింద పెట్టాడు.

"ఆళ్ళ మీద ఏసీసినారేటి? నాను కదేటి సేసినాను. నువ్వు సెప్పలేదా మేడమ్‌కి?"

"ఎలా చెప్పను? మా నాన్న చేశాడని చెప్పుకోమంటావా?"

ఆయన నన్ను చూసిన చూపు తిట్టు కాదు. తిట్టు అయినా బాగుండేది. లేచి చొక్కా వేసుకుని బయటికెళ్ళాడు. రెండో రోజు సెలవు పెట్టి, పాసు రాయించుకుని, ఒక్కడూ రైలెక్కాడు. మూడు రోజులకి వచ్చాడు. గడ్డం మాసిపోయింది, చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. అమ్మ నీళ్ళిచ్చింది.

"ఆపీసుకెల్లినాను. మొదట నమ్మలేదు, తరవాత నవ్వినారు. కాయితం రాసిమ్మన్నారు. రాసిచ్చినాను. అచ్చేసినట్టున్నాదని అందరికీ సూపించుకున్నారు."

"కేసు పెడతారా?" అంది అమ్మ.

"అదేటీ లేదు. ముసలోడివి పోరా అన్నారు."

"జేబు చిరిగిందేం?" అన్నాను.

"ఊల్లోకెల్లి ఆళ్ళకి కూడా సెప్పినాను. తిట్టినారు. ఉత్తినే తిడతారేటి? పొలం పనులయ్యాక ఆ గుహకెల్లకపోతే ఆళ్ళకి ఏడాది గడిసినట్టే ఉండదంట. ఆ ముసలామె మాత్తరం ఆళ్ళని ఆపింది." చిరిగిన జేబుని చొక్కాకి అదుముకుంటూ మళ్ళీ అన్నాడు. "ఆ సోటు నీకెవలు సూపించినారని ఆపీసోల్లు అడిగినారు. నా అంతట నానే ఎల్లినానన్నాను. నీ మాట తేలేదు."

నాకు ఆ మాటకి కృతజ్ఞత కలగాలి. కోపమొచ్చింది. ఎవరడిగారు ఆయన్ని నన్ను దాచమని? ఆయన చేసిన తప్పు ఆయన ఒప్పుకుని చేతులు దులుపుకున్నాడు. నా తప్పు నా నెత్తి మీదే ఉంచి వచ్చాడు.

"నా కాయితం ఒక్కటీ సాలదంట," అన్నాడు. "కంప్లెయింటు ఇచ్చింది మీ మేడమ్. ఆవిడే ఊరోళ్ళది తప్పు కాదని రాసిస్తే కంచె తీస్తారంట. అందుకని నువ్వెల్లి సెప్పాల. నానొచ్చి సెబుదును గానీ, నీకు నామోసీ. నువ్వే సెప్పమ్మా."

వెళ్ళాను. అది మాత్రం నిజం. ప్రేమ్ బజార్లో మేడమ్ ఇంటి మెట్ల దగ్గర సైకిలు ఆపి, చెప్పవలసిన మాటలు మూడుసార్లు అనుకున్నాను. తలుపు తీసి "బోషో, బోషో" అని కూర్చోబెట్టింది. నేను నోరు తెరిచేలోపు టేబుల్ మీంచి ఓ కవరు తీసి నా చేతిలో పెట్టింది. కలకత్తాకి రాసిన ఉత్తరం. 'ఈ అమ్మాయి నిజాయితీగా, ఉన్నది ఉన్నట్టు నమోదు చేస్తుంది' అని ఉంది అందులో. నా నకళ్ళే ఇప్పుడు ఆ బొమ్మలకి మిగిలిన సాక్ష్యమట. సందేశ్ మిఠాయి పెట్టింది. తిన్నాను. టీ తాగాను. థాంక్యూ మేడమ్ అని చెప్పి వచ్చేశాను.

ఆ ఉత్తరంతో ఎం.ఏ. సీటు వచ్చింది. ఆ ఎం.ఏ.తో ఉద్యోగం వచ్చింది. ఇవాళ ఇదే ఖరగ్‌పూర్లో, తాల్‌బగీచాలో ఉంటూ పిల్లలకి హిస్టరీ చెబుతున్నది ఆ ఉత్తరం మీదే. ఆ లైన్లో ప్రయాణం పడితే ఇంకో దారి వెతుక్కుంటాను. మేడమ్ రిటైరై వెళ్ళిపోయింది. ఆవిడకి ఇవాళ్టికీ తెలియదు.

ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"సెప్పినావా?"

"చెప్పాను."

"ఏటన్నాది?"

"రాస్తానంది."

రోజూ డ్యూటీ నుంచి వస్తూనే అడిగేవాడు, ఏమైనా తెలిసిందా అని. నెలన్నర భరించాను. ఆయన అడిగిన ప్రతిసారీ నాకు చిర్రెత్తుకొచ్చేది, విసుక్కునేదాన్ని, కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని. పాపం ఆయనకి అది జింక మీది కోపమే అనిపించేది. ఓ రోజు ఇక తట్టుకోలేక చెప్పేశాను.

"తీసేశారు నాన్నా. కంచె తీసేశారట."

నాన్న కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. ఆయన మొహంలో అన్ని నెలలుగా లేని తేట వచ్చింది. నా తల మీద చెయ్యి పెట్టాడు.

"సూసినావా అమ్మా," అన్నాడు. "నిజం సెప్పీసరికి ఎంత తేలిగ్గా అయిపోనాదో."